గెడకు అందని లోతు

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాస్తున్నాను. నా మెడనీ మీ బావ మోకాళ్ళనీ ఆ 'అందరం'లో కలపకు, అవి మా మాట వినడం మానేసి చాలా కాలమైంది. నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులు దాటింది. వెంటనే జవాబు రాయలేదని కోపగించుకోకు. రోజూ కాగితం తీయడం, 'చిరంజీవి తమ్ముడికి' అని రాయడం, అక్కడే ఆగిపోవడం. నువ్వు మూడు సంగతులు అడిగావు. మొదటి రెండూ సులువే. మూడోది పదకొండేళ్ళ కిందట నువ్వు నాన్నకి రాసిన ఉత్తరం గురించి. "అక్కా, అది నిజంగా దారిలో పోయిందా, లేక చేరినా చేరలేదని రాయమన్నారా? ఇప్పుడైనా నిజం చెప్పు" అని రాశావు. చెబుతాను. కాస్త నెమ్మదిగా చెప్పనివ్వు.

ముందు నా ఉద్యోగం. ఇంకా మానలేదా అని దెప్పావు. మానలేదురా. వేరే భాషల సినిమాలకి మన భాషలో మాటలు రాయడమే నాకొచ్చిన విద్య, ఈ వయసులో ఇంకొకటి ఎక్కడ నేర్చుకోను? ఉదయం పదింటికి వెళ్ళి ఆ కిటికీల్లేని గదిలో కూర్చుంటాను. గోడలకంతా తివాచీ, దాని నిండా దుమ్ము. రికార్డింగు మొదలైతే ఫ్యాను ఆపేస్తారు, చప్పుడు పడుతుందని. తెర మీద మనిషి పెదవులు ఎక్కడ కలుస్తాయో చూసి అక్కడ ప, బ, మ లాంటి అక్షరం పడేలా రాయాలి, ఎక్కడ తెరుచుకుంటే అక్కడ అవి లేకుండా రాయాలి. ముప్పై ఏళ్ళుగా పరాయివాళ్ళ పెదవులే చూస్తున్నాను. ఇంటికొస్తే మీ బావ ఏమన్నా మాట్లాడినా వినబుద్ధి కాదు, ఆయన పెదవుల వంకే చూస్తూ ఉంటాను. "నా మాట కూడా మార్చి రాస్తావా ఏమిటి?" అంటారు ఆయన.

ఈ మధ్య ఒక టీవీ వాళ్ళు పాత సినిమాలు ఒక కట్టగా కొన్నారు. మా కాగితాల మీద 'సరిహద్దు చరిత్ర చిత్రాలు' అని గంభీరంగా రాసి ఉంటుంది. తీరా వేసి చూస్తే ఏముంది, మన గుర్రాల సినిమాలే! కొత్త నేల మీదికి బళ్ళు కట్టుకుని పోయే జనం, వాళ్ళ కర్రల కోటలు, వాళ్ళ జెండాలు. వాటితోపాటు నీ రెండో ప్రశ్నకీ జవాబు దొరికింది. కోట ముందు కాలిపోయి ఆ తరువాత కట్టిన సినిమా మనం నిజంగా చూశామా, లేక కలగన్నావా అని కదా అడిగావు. చూశాం. ఇప్పుడు దాన్ని వరసలో చూస్తుంటే నాకే ఏదో తప్పుగా అనిపించింది.

సినిమా పెట్టెలు నాన్న గెడ వేసి లోతు చెప్పే స్టీమరులోనే వచ్చేవి. ఆయన వాటిని భుజానికెత్తుకుని రేవు మెట్లెక్కి హాల్లో దించేవారు కాబట్టి మనిద్దరికీ టిక్కెట్టు లేకుండా ముందు బెంచీ. ఆ వేసవిలో నీళ్ళు తగ్గి స్టీమరు ఇసుక మేట మీద కూర్చుండిపోయింది. మూడు పెట్టెల్లో రెండు నాటుపడవలో వచ్చాయి, మొదటిది స్టీమరులోనే చిక్కుబడింది. జనం ఆగుతారా? హాలు యజమాని ఉన్నవే వేసేశాడు. మొదటి రోజు కోట తగలబడింది, సేనాని చచ్చిపోయాడు. మర్నాడు మిగతా పెట్టె వస్తే కోట కట్టారు, సేనాని లేచొచ్చి పెళ్ళి చేసుకున్నాడు. నువ్వు బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టావు.

తెర మీద స్టీమరు కనిపిస్తే నాన్న ఊరుకునేవారు కాదు. "ముందు గెడ వేసేవాడేడిరా? మేటెక్కిస్తారు చూడు!" అని అరిచేవారు. "కూర్చోవయ్యా, నీ గెడ నువ్వూను" అని వెనక బెంచీల నుంచి కేకలు. ఒకసారి ఆ గుర్రాలవాళ్ళు ఎక్కడో జెండా పాతితే హాలంతా ఈలలు. నువ్వు ఆయన చొక్కా పట్టుకుని లాగి, "నాన్నా, వీళ్ళు రాకముందు ఆ నేల ఎవరిది?" అన్నావు. "జెండా పాతినవాడు తనదే అంటాడురా. అక్కడున్నవాణ్ణి ఎవరడుగుతారు?" అన్నారు నాన్న. అప్పుడాయన సినిమా గురించే అన్నారు.

తరువాతి సంగతి నీకు నేను చెప్పాలా? వంతెన కొలతల పనిలో నీకు ఉద్యోగమొచ్చింది. వంతెన వస్తే స్టీమరు ఆగిపోతుందని నీకు తెలుసు, ఆయనతో చెప్పడానికి నోరు రాలేదు. చివరికి ఆయన స్టీమరు ముందుకొస మీద నిలబడి గెడ వేస్తూ తలెత్తి చూస్తే, నది నడుమ తెప్ప మీద కొలతల ఎర్రజెండా పాతుతూ నువ్వు కనిపించావు. "నా నీళ్ళ మీద జెండా పాతావురా" అన్నారు ఆ సాయంత్రం. అంతే. అరిచి గోల చేసినా బాగుండేది. వంతెన తెరిచారు, స్టీమరు నిలిచిపోయింది, నువ్వు దూరం వెళ్ళిపోయావు. ఆ రోజు నుంచి ఆయన ఇంట్లో నది మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ వంతెనకీ వయసైపోయిందనీ, కూల్చే కాగితం మీద నీ సంతకమే కావాలనీ రాశావు. చదివి నవ్వాలో ఏడవాలో తెలియక మీ బావకి ఇచ్చాను. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, "పాపం" అన్నారు. నిన్ను అన్నారో వంతెనను అన్నారో అడగలేదు.

ఇక పోయిన మంగళవారం. ఇంకో గుర్రాల సినిమాకి మాటలు పెడుతున్నాం. అందులో సేన స్టీమరెక్కి ఎగువకి పోతూ ఉంటుంది. ముందుకొస మీద ఒకడు గెడ ముంచి లోతు చెబుతూ ఉంటాడు. నాన్న చూసి ఉంటే ఎంత సంతోషించేవారో! 'రెండు బారలు', 'బారన్నర' వరకు చకచకా రాసేశాను, చేతులు రెండూ చాచినంత కొలత బార అని మనకి ఒకరు చెప్పాలా? ఆ తరువాత గెడ నేలకి తగలదు. వాడు ఒక్క మాట అరుస్తాడు, అందరి ముఖాలూ తేటపడతాయి. 'లోతు బాగా ఉంది' అని రాసిచ్చాను. సౌండు ఇంజనీరు అద్దం వెనక నుంచి, "కుదరదు మేడమ్. నోరు తెరుచుకునే ఉంటుంది, పెదవులు కలవవు. 'బా' తీసేయండి. చిన్నదిగా, గట్టిగా అరిచేలా ఉండాలి" అన్నాడు. నాకు ఒళ్ళు అలిసిపోయి ఉంది. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చేసింది, 'అందలేదు' అని.

మైకు దగ్గర పెద్దాయన ఒకరున్నారు. ముసలివాళ్ళందరికీ ఆయనే గొంతు ఇస్తారు కాబట్టి తాతగొంతు అంటాం. ఆయన నా వైపు తిరిగి, "ఏం అందలేదమ్మా, ఉత్తరమా?" అన్నారు నవ్వుతూ.

అందరూ నవ్వారు. నా చేతిలో కాగితాలు జారి కిందపడ్డాయి. మంచినీళ్ళు తెచ్చిచ్చి ఇంటికి పంపేశారు.

నీకు గుర్తుందో లేదో. గెడ మొత్తం ముంచినా నేల తగలకపోతే నాన్న గడ్డం పైకెత్తి 'అందలే...దూ' అని సాగదీసి అరిచేవారు. పైన చక్రం పట్టుకున్న సరంగు ఆ మాట వినగానే, ఇక మేట భయం లేదని గంట రెండుసార్లు కొట్టేవాడు, కింద బొగ్గు ఎక్కువ వేసేవారు. ఊళ్ళో ఎవరన్నా 'అందలేదు' అంటే ఏదో పోయిందని. ఆ స్టీమరు మీద మాత్రం దాన్ని మించిన మంచి మాట లేదు.

తమ్ముడూ, నీ ఉత్తరం దారిలో పోలేదు. చేరింది. ఆయన అప్పటికే నా దగ్గర మంచాన ఉన్నారు, కళ్ళకి పొరలు, నేనే చదివి వినిపించాను. "మీ నోటి దగ్గరి కూడు తీస్తున్నానని తెలిసే చేరాను నాన్నా. మీకు చెప్పకుండా చేరడం అంతకంటే పెద్ద తప్పు. రమ్మంటే వస్తాను" అని రాశావు. రెండోసారి చదవమంటే చదివాను. 'నాన్న ఏమన్నారో ఒక్క ముక్క రాయి' అని నువ్వు నాకు వేరే కార్డు వేశావు కదా, అది కూడా ఆ రోజే వచ్చింది. "వాడికేం రాయమంటారు?" అన్నాను. ఆయన పక్కబట్టలు నానబెట్టి మధ్యలో లేచొచ్చాను, చేతుల నిండా సబ్బు. ఆయన గడ్డం పైకెత్తి, పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూసేంత గట్టిగా, "అందలేదని రాయవే" అన్నారు.

ఎంత పంతం అనుకున్నాను. చెవులారా విని, చేరలేదని రాయమంటున్నారే అనుకున్నాను. 'నాన్నకి నీ ఉత్తరం అందలేదు' అని కార్డు మీద ఒక్క ముక్క రాసి, చేతులు కడుక్కుని డబ్బాలో వేసి వచ్చాను.

ఆ తరువాత రెండేళ్ళు బతికారు. నెలకోసారి అడిగేవారు. "వాడేమన్నా రాశాడా?" "ఏం రాస్తాడు నాన్నా? మీరు అందలేదని రాయమన్నారు, రాశాను." "రాశావు కదా?" "రాశానన్నాను కదా!" "అయినా రాలేదన్నమాట" అని అటు తిరిగి పడుకునేవారు. నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని విసుక్కునేదాన్ని. ఆయన చెప్పింది స్టీమరు మీది మాట, నేను రాసింది ఊళ్ళో మాట. ఆయన క్షమించలేదని నువ్వు అనుకున్నావు. క్షమించినా నువ్వు రాలేదని ఆయన అనుకుని పోయారు. మధ్యలో తపాలా డబ్బా నేనే.

పొరపాటేగా అని నువ్వు అంటావు, నీ మనసు నాకు తెలుసు. సగమే పొరపాటు. ఆ కార్డు రాస్తున్నప్పుడు నాకు లోపల హాయిగా ఉందిరా. మంచం పక్కన కూర్చున్నది నేను, బట్టలు ఉతికినది నేను, ఒక్క ఉత్తరంతో నువ్వొచ్చి మళ్ళీ ఆయన ముద్దుల కొడుకువైపోతావేమోనని కుళ్ళుకున్నాను. లేకపోతే "అదేమిటి నాన్నా, చేరిందిగా?" అని ఒక్క మాట అడగనా? అడిగి ఉంటే ఆయన విడమరిచి చెప్పేవారు. చివరిచూపుకి నువ్వొచ్చి రెండు రోజులున్నావు, అప్పుడూ నేను ఈ సంగతి నీకు చెప్పలేదు. ఇంత చదివి నన్ను ఏమన్నా పడతాను, నువ్వు రాయడం మాత్రం మానకు.

ఆ సినిమా ఈ నెలాఖరు ఆదివారం మధ్యాహ్నం వేస్తారట. గురువారం మళ్ళీ వెళ్ళి తాతగొంతు చేత ఆ మాట తొమ్మిదిసార్లు చెప్పించాను. పాపం విసుక్కోకుండా చెప్పారు. గొంతు నాన్నది కాదు, సాగదీయడం మాత్రం దగ్గరగానే వచ్చింది. వీలైతే చూడు.

నాన్న ఏమన్నారో ఒక్క ముక్క రాయమన్నావు. ముప్పై ఏళ్ళుగా ఒకరి మాట ఇంకొకరికి తెలిసేలా రాసి బతుకుతున్నదాన్ని, ఈసారి సరిగ్గా రాస్తున్నాను: నీ ఉత్తరం నాన్న విన్నారు. నీళ్ళు లోతుగానే ఉన్నాయట, కింద ఏమీ తగలదట, భయపడకుండా వచ్చేయమన్నారు.

ఇట్లు,
ఆ కార్డు తిరగరాసిన
నీ అక్క