మెట్ల కింద కొవ్వొత్తి ముక్క

మార్చి 3
అత్తయ్య కాలికి కట్టు వేశారు. ఆరు వారాలు కదలకూడదట. కుట్టు మిషన్ తొక్కే కాలే అది. మధ్యాహ్నానికే ఆవిడకి పిచ్చెక్కింది, నాకు అంతకంటే ముందే. పాత గేముల సైట్‌కి నేను రివ్యూలు రాస్తుంటాను. ఈసారి ముప్పై ఏళ్ల నాటి ‘దీపస్తంభం’. లాప్‌టాప్ ఆవిడ ముందు పెట్టి మౌస్ చేతికిచ్చాను. నేనేమన్నా చిన్నపిల్లనా అని విసుక్కున్నారు. గంట తర్వాత భోజనానికి పిలిస్తే, ఉండవే, ఆ తలుపు వెనకాల ఏముందో చూడనీ అన్నారు.

మార్చి 5, ఉదయం
గేమ్ మొదటి గదిలో వస్తువులన్నీ తీసుకున్నారు, మెట్ల కింద కొవ్వొత్తి ముక్క తప్ప. అది కనిపించీ కనిపించనంత చిన్నది. పడవ ఎక్కాక ఆ గదికి మళ్లీ రాలేరు. ఆ ముక్క లేకుండా చివరి గది దాటలేరు. గేమ్ మాత్రం ఏమీ చెప్పదు, హాయిగా ఆడనిస్తుంది. దీని పెద్ద లోపం అదే.

పక్కనే కూర్చున్నాను. పడవ ఎక్కుతుంటే చూస్తూ ఊరుకున్నాను. కొత్తవాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారో రివ్యూకి కావాలి కదా అనుకున్నాను. అబద్ధం. నిన్న పక్కింటావిడ ముందు నా వంటని వెక్కిరించారు. ఆ కడుపుమంట.

మార్చి 14
ఆట ఆపిన చోటు దాచుకోడానికి ఆవిడకి ఒకటే సేవ్. రోజూ పాతదాన్ని చెరిపేసి దాని మీదే, ఇక వెనక్కి వెళ్లే దారి లేదు.

ఎంత బాగా ఆడుతున్నారో! గుడ్డ కత్తిరించే ముందు గీసినట్టే ప్రతి గదికీ పటం గీస్తున్నారు. గడియారం గది తాళం నేను గైడ్ చూసి తీశాను, ఆవిడ పది నిమిషాల్లో తీసి పారేశారు. నిజంగా గొప్ప గేమ్. చంపడాలు లేవు, తొందర లేదు, చేత్తో వేసిన బొమ్మలు. కిటికీలో సముద్రం చూస్తూ కాసేపు అలా ఉండిపోతారు. కాలినొప్పి ఊసే లేదు.

ఇప్పుడు చెబితే ఇన్ని రోజుల ఆటా పోతుంది.

మార్చి 15
రేపు చెబుతాను.

మార్చి 24
చివరి గదికి వచ్చేశారు. అంతా చీకటి. పొద్దుటి నుంచీ అక్కడే.

మార్చి 28
సంచిలో ఉన్న ప్రతి వస్తువునీ ప్రతి గోడ మీదా నొక్కి చూశారు. ఇవాళ లాప్‌టాప్ మూసేసి, నా బుర్ర పనిచెయ్యడం లేదమ్మా అన్నారు. జనవరిలో ఒక గౌనుకి రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించారట. ఎవరికీ చెప్పలేదట. అప్పుడు అనుమానమేనట, ఇప్పుడు తేలిపోయిందట.

టీ పెడతానని లేచిపోయాను.

మార్చి 30
రివ్యూ పంపాను. లోపాల పేరా అదిరిపోయిందని ఎడిటర్ మెసేజ్. ‘ఓడిపోయామని తెలియకుండానే వారాల తరబడి ఆడతాం’ అన్న వాక్యం హెడ్డింగ్‌గా పెడతారట. ఛీ, నా బతుకు.

ఏప్రిల్ 2, ఉదయం 11
మిషన్ అమ్మేస్తున్నారు! సాయంత్రం నాలుగింటికి మనిషి వస్తాడట. నలభై ఏళ్లు ఆ మిషన్ మీదే బతికారు. ఎవరి గుడ్డో పాడుచేసే ముందే మానుకోవడం మర్యాద అన్నారట మా ఆయనతో. ఆయన సరేనన్నారు. సరేనట!

అదే రోజు, మధ్యాహ్నం 3
చెప్పేశాను. కొవ్వొత్తి, పడవ, వంట మాట, రివ్యూ, అన్నీ. ఏడ్చింది నేనే. ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటూ విన్నారు. ఆ ముక్క లేకుండా ఆ గది ఎవరివల్లా కాదు, మీ బుర్రకేం కాలేదు అత్తయ్యా అన్నాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. ఆ మనిషిని రావద్దని ఫోన్ చేయమన్నారు, అంతే.

ఏప్రిల్ 3
ఇంకా ఏమన్నా చూసి ఊరుకున్నావా అని అడిగారు.

ఫిబ్రవరిలో రెండుసార్లు స్టవ్ ఆర్పకుండా వెళ్లిపోయారు. నేనే ఆర్పాను.

లేదు అత్తయ్యా అన్నాను.