ఠాణాకి నడిచి వెళ్ళాను

హాన్‌స్టోల్మ్ రేవు,
మార్చి 9.

తమ్ముడు థోర్కిల్‌కు,

అన్న ఆశీస్సులు. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం. ఆ జైలు గోడల మధ్య నువ్వూ ఒంట్లో బాగానే ఉన్నావనుకుంటాను.

అమ్మ తింటోందా అని అడిగావు. తింటోంది, రెండు పూటలా అదే హెరింగ్ చేప, అదే నల్ల రొట్టె. పడవ రేవులోనే కట్టేసి ఉంది. నా కాలి సంగతి రాయడం లేదని కోప్పడ్డావు కదా, ఇదిగో.

పక్షవాతంతో ఎడమ పాదం వేలాడిపోయింది. అడుగేస్తే వేళ్ళు నేలకి తట్టుకుని బోర్లా పడేవాణ్ణి. ఆసుపత్రిలో నడక నేర్పే బియర్తే అని ఒకావిడ మోకాలి కింద రెండు పట్టీలు అతికించి, చెప్పులో మడమ కింద చిన్న మీట పెట్టింది. మడమ లేవగానే నడుముకి కట్టిన పెట్టెలోంచి కరెంటు వచ్చి కండరాన్ని గుంజుతుంది, పాదం పైకి లేస్తుంది. మొదటిరోజు కొరడాతో కొట్టినట్టయింది. కోపం పట్టలేక కుడిచేత్తో ఆవిణ్ణి తోసేశాను. వెళ్ళి గోడకి గుద్దుకుంది, మోచేయి చీరుకుపోయింది. రక్తం తుడుచుకుంటూ, “చెయ్యి బాగానే లేస్తోంది నీకు. కాలి సంగతే చూడాలి. రేపు పదింటికి రా,” అంది.

నాలుగు నెలలు వెళ్ళాను. ఇప్పుడు కర్ర పట్టుకుని రేవు దాకా నడుస్తున్నాను.

“నువ్వు నడిస్తే చాలన్నయ్యా, నాకిక్కడ కాస్త నిద్ర పడుతుంది” అని రాశావు. ఆ ముక్క చదివాక నాకు నిద్ర పట్టడం లేదు.

ఇక సముద్రంలోకి రానని నువ్వు చెప్పిన రోజు పడవలో కేబిన్ తలుపు గడియ పెట్టింది నేను. ఇనప కొక్కెం నీ భుజంలో దింపింది నేను. రెండోసారి ఎత్తితే, ఆపడానికే నా మెడ చుట్టూ చెయ్యి బిగించావు. లోపల రక్తనాళం చిరిగి, మూడోనాడు పక్షవాతం వచ్చి పడిపోయాను. మాట తిరిగి రాగానే పోలీసాయన అడిగాడు, మొదట కొట్టింది ఎవరని. “మా తమ్ముడే” అన్నాను. నీ భుజం గాయం నన్ను నేను కాపాడుకోబోతే అయిందన్నాను. మంచం మీది మనిషి మాట ఎవరు కాదంటారు? కోర్టులో నా కాలు చూసి నువ్వూ నోరెత్తలేదు.

సోమవారం ఠాణాకి నడిచి వెళ్ళాను. మెట్ల దగ్గర ఒకసారి పడ్డాను, గడ్డం పగిలింది. అదే పోలీసాయన కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

“మొదట కొట్టింది నేను. కొక్కెం నాది. వాడు ఆపాడంతే.”

“అబద్ధం చెప్పినందుకు మీకూ శిక్ష పడుతుంది, తెలుసా?”

తెలుసన్నాను. రాసుకున్నాడు, సంతకం పెట్టాను. ఈ వారంలో నీ వకీలు నీ దగ్గరికి వస్తాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను. ఇన్నాళ్ళూ నన్నే నమ్మింది పాపం. చెంప మీద ఒక్కటి కొట్టింది. కింద పడ్డాను. చెయ్యి అందించలేదు, నా అంతట నేను లేచేదాకా చూస్తూ నిలబడింది. తర్వాత మేడ మీదికి వెళ్ళి, నువ్వు వెళ్ళాక మూసేసిన నీ గది కిటికీలు తెరిచింది.

ఇట్లు,
నీ అన్న
ఎస్బెన్