కట్టని చీర తిరిగి పంపుతున్నాను

హైదరాబాదు,
ఆదివారం.

అక్కకు, తమ్ముడు భద్రయ్య దండం పెట్టి రాస్తున్నది. నేను బాగానే ఉన్నాను. ఈ ముక్క ముందు రాయకపోతే నువ్వు మిగతాది చదవకుండా ఫోన్ తీస్తావు. అమ్మ మోకాలు ఎట్లా ఉంది? నాయిన మందులు వేళకు వేసుకుంటున్నాడా? ఆఖరు కోతకు మిరప కూలీలు దొరికారా? ఇప్పపువ్వు రాలడం మొదలైందా? ఇవన్నీ ఫోన్‌లో అడగవచ్చు. కానీ నువ్వు ఎత్తగానే బావ స్పీకర్ పెడతాడు. "ఏంది బామ్మర్దీ, బొమ్మలకు చీరలు కట్టుడు ఇంకా అయిపోలేదా?" అంటాడు. ఆయనకు జవాబు చెప్పే ఓపిక నాకు లేదు. అందుకే ఉత్తరం.

బావ అన్నదాంట్లో తప్పు కూడా లేదు. నిన్నంతా మాకు బొమ్మకు చీర కట్టడమే నేర్పారు. ఫ్యాషన్, బట్టల వ్యాపారం చదువని చేరాను. కల్లూరు కొట్టులో అన్నేళ్లు చీరలు విప్పి చూపి, మళ్లీ మడిచినవాణ్ణి. ఇక్కడ ఆ విప్పడాన్నే బోర్డు మీద బాణాలు గీసి చెప్తారు. నా తోటివాళ్లకు ప్రతిదీ "సూపర్". గోనెసంచిలా కుట్టిన చొక్కా సూపర్. ఈ ఎండల్లో ఉన్ని టోపీ సూపర్. నన్ను "అంకుల్" అంటారు, అదీ ప్రేమతోనేనట. హాస్టల్ పప్పులో గిన్నె అడుగు కనిపిస్తుంది. రోజు ఖర్చు రాసుకునే అలవాటు పోలేదు కనుక కాఫీ మానేశాను. ఇక్కడి ధర నా చేత్తో రాయడానికి సిగ్గేస్తుంది. సాయంత్రాలు మాట్లాడే మనిషి లేడు. ఉన్నవాళ్లతో మాట్లాడాలని లేదు. అయినా బాగానే ఉన్నాను, బెంగ పెట్టుకోకు.

ఇక నువ్వు పంపిన మూట సంగతి.

మా మేడం ఒక పని ఇచ్చిందని చెప్పాను కదా. ఇంట్లో ఒకరు బాగా కట్టి వాడిన బట్ట తెచ్చి, అది ఎక్కడ అరిగింది, ఎక్కడ వెలిసింది, ఎందుకు అని చెప్పాలి. కొనేవాళ్లకు నిజంగా ఏం కావాలో అందులో తెలుస్తుందట. నెలాఖరుకు అది చూపించకపోతే ఈ ఏడు తప్పినట్టే. మళ్లీ ఏడాది ఇదే పప్పు తినాలి. అందుకే నిన్ను పాత చీర అడిగాను. కట్టింది, చిరిగినా పర్వాలేదు అని ఎన్నిసార్లు చెప్పాను?

ఖమ్మం బస్సులో వచ్చిన మూటను బస్టాండు నుంచి నేరుగా క్లాసుకే తీసుకుపోయాను. విప్పితే నాలుగు కొత్త చీరలు, జాకెట్టు ముక్కలు, పసుపు కుంకుమ పొట్లం. పెట్టుబడి చీరలు! పెళ్లికో పురుడుకో వచ్చిన ఆడవాళ్లకు బొట్టు పెట్టి ఇచ్చేవి, వాళ్లు మడత విప్పకుండా ఇంకొకరికి పెట్టేవి. అక్కడి నుంచే నీకు ఫోన్ చేశాను. నువ్వేమన్నావు?

"పాతది పంపితే మనల్ని ఏమనుకుంటరు రా? మంచియే పంపిన. ఒకటి మీ మేడంకు బొట్టు పెట్టి ఇయ్యి. మార్కులేస్తది."

నీ గొంతుకు స్పీకర్ అక్కర్లేదు. క్లాసంతా విన్నది, నవ్వింది. మేడం మాత్రం నవ్వలేదు.

"వీటిని ఎవరు కడతారు భద్రయ్యా?"

"ఎవరూ కట్టరు మేడం."

"ఎవరూ కట్టని చీరలో నేనేం చూడాలి? వేరేది తెచ్చుకో."

ఆమె మాట సబబే. అందుకే ఆమె మీద ఇంకా మంటగా ఉంది.

నా గదిలో ఉండే కరీంనగర్ అతను సలహా చెప్పాడు. "గీ మాత్రానికే పరేషాన్ ఎందుకన్నా? పాతబట్టలు అమ్మేటోళ్ల దగ్గర ఒకటి కొనుక్కరా. మా నానమ్మదని చెప్పు. నేను గట్లనే చేసిన." వాళ్ల నానమ్మ కంటితో చూడని చీరకు మంచి మార్కులే వచ్చాయి. ఎవరి చెమటనో మా ఇంటిదని చెప్పేంత చదువు నాకింకా అబ్బలేదు.

అతను పోయాక చీరలు సర్దుదామని తీశాను. అందులో చిలకపచ్చది ఒకటి, వంకాయరంగు అంచుది. అక్కా, అది నేను తెచ్చిన చీర. కొట్టులో చేరిన ఏడాది నీకోసం ఏరి తెచ్చింది. లోపలి చెంగు దగ్గర నేత తప్పిన సన్న గీత ఉంది. బొడ్లో దోపుకునే వైపు కదా, కనపడదులే అనుకొని తెచ్చాను. ఆ గీత అట్లాగే ఉంది. పై మడత మీద పసుపు వేళ్ల గుర్తులున్నాయి, కొన్ని మాసినవి, కొన్ని తాజావి. అంటే నీ ఇంటి నుంచి పోయి, ఏన్కూరులోనో ఇంకెక్కడో ఎవరెవరి శుభకార్యాల్లోనో చేతులు మారి, తిరిగి నీ చేతికే వచ్చింది. దాన్ని మా మేడంకు పెట్టమని నాకే పంపావు!

ఇదేం మర్యాద అక్కా? ఎవరికీ అక్కర్లేని చీరను ఊళ్ల వెంట తిప్పి, ఒకరినొకరు గౌరవించుకున్నామని అనుకోవడం. బొట్టు పెట్టించుకునేటప్పుడు ఒక మొహం, గడప దాటాక "గీ చీరెవరు కడతరు" అనే మొహం ఇంకొకటి. ఇక్కడి వాళ్ల "సూపర్" కంటే ఇదేమీ మేలు కాదు. నువ్వూ అదే అన్నావా? పొలం పోయే మనిషికి చిలకపచ్చ ఎందుకనుకున్నావా? దాచి దాచి, ఇంటికి వచ్చిన మనిషిని ఉత్త చేతులతో పంపలేక ఇచ్చావా? తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టలేదా, గుర్తుపట్టీ ఊరుకున్నావా? ఏదైనా సరే, ఉన్నది రాయి. "మంచిగుండెరా" అని మాత్రం రాయకు.

మిగతా మూడూ హాస్టల్ ఊడ్చే ఆమెకు ఇచ్చాను. ఒకటి మర్నాడే కట్టుకొని పనికి వచ్చింది. ఆమెకు మన మర్యాదలు తెలియవు.

చిలకపచ్చది ఈ ఉత్తరంతోనే బస్సులో పంపుతున్నాను. నచ్చితే కట్టు. ఇంట్లో కాదు, పువ్వు ఏరడానికి అడవికి కట్టుకుపో. మిరప కల్లంలో కూర్చో. పొయ్యి దగ్గర చేతులు దానికే తుడుచుకో. రాయి మీద ఉతికి ఎండలో ఆరేసి, నెలాఖరులోపు ఇస్త్రీ లేకుండా పంపు. ఆ కొద్ది రోజులకు బట్ట అరగదని నాకు తెలుసు. వెలిసినంతే చూపిస్తాను. చాలదంటే ఈ ఏడు తప్పుతాను, తప్పనీ. నచ్చకపోతే మడత విప్పకుండా వాపసు పంపు, నేనేమీ అనను. ఇంకొకరికి మాత్రం పెట్టకు.

అమ్మకు, నాయినకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమను. బావకూ దండం, స్పీకర్ పెట్టకుండా చెప్పు.

నీ తమ్ముడు,
భద్రయ్య

పండుమిర్చి తొక్కు ఒక సీసా అదే మూటలో పెట్టు. మూత ఊడి చీర మీద పడినా పర్వాలేదు.