మట్టల ఆదివారం మధ్యలో లేచి వచ్చాం

ఏప్రిల్ 18, గురువారం

మిన్యా పట్నం నుంచి ఇప్పుడే ఊరికి వచ్చాం. గుండె డాక్టర్ దగ్గర అమ్మ మళ్ళీ నా పరువు తీసింది. ఎలా ఉందమ్మా అని ఆయన అడిగితే, ప్రతి స్థితిలోనూ దేవునికి స్తోత్రం అంది. కాళ్ళవాపు ఎప్పటినుంచి అంటే స్తోత్రం. పడుకుంటే ఆయాసం వస్తోందా అంటే దానికీ స్తోత్రం. చివరికి ఆయన పెన్ను బల్ల మీద పడేసి, ఆ మాట దేవుడికి చెప్పుకో తల్లీ, నొప్పి మాట మాత్రం నాకు చెప్పు అన్నాడు. అమ్మ నవ్వింది. జవాబులన్నీ నేనే చెప్పాను.

పాలు తాగాలట. ఈస్టర్ ముందు పెద్ద ఉపవాసంలో పాలేమిటని అమ్మ మొండికేసింది. మా చర్చి పాదిరి అబూనా బీమెన్ స్వయంగా వచ్చి, ఇది మందు, తాగకపోతేనే పాపం అని గదమాయిస్తే తాగింది. ముక్కు మూసుకుని, నా వైపు గుర్రుగా చూస్తూ.

ఏప్రిల్ 24

అలెగ్జాండ్రియా అనువాద సంస్థవాళ్ళు మెయిల్ పెట్టారు. ఆదివారం పన్నెండింటికి వీడియోలో ఇంటర్వ్యూ. డిగ్రీ చేతికొచ్చి మూడేళ్ళయింది. ఈ మూడేళ్ళలో నేను చేసింది పిల్లలకి ట్యూషన్లు చెప్పడం, ఇన్సాఫ్ పిన్ని తెచ్చే సంబంధాలకి వంకలు వెతకడం. అమ్మకి చెప్పాను. నాన్నకి చెప్పలేదు. చెబితే కుట్టు మిషన్ ఆపేసి కళ్ళజోడు తుడుచుకుంటాడు. అది నేను చూడలేను.

ఏప్రిల్ 28, మట్టల ఆదివారం

ఇంటర్వ్యూ బాగా జరిగింది. చాలా బాగా.

పొద్దున చర్చిలో ఊపిరాడలేదు. పిల్లలంతా ఖర్జూరపు మట్టలతో ఒకరినొకరు పొడుచుకుంటున్నారు. అమ్మ కుర్చీలో కూర్చుని మట్టతో సిలువ అల్లి పక్కింటి ఉమ్ జర్జిస్‌కి ఇచ్చింది. నాకేదీ అని ఆవిడ మనవరాలు పేచీ పెడితే ఇంకోటి అల్లింది. ఆరాధన ముగిసేసరికి పదకొండున్నర. అప్పుడు చర్చి తెరలు మార్చడం మొదలుపెట్టారు. ఎర్రవి తీసి నల్లవి.

ఈ తతంగం నాకెప్పుడూ చిరాకే. రేపటి నుంచి శ్రమల వారం. ఆ దుఃఖం క్రీస్తు ఒక్కడిదే కాబట్టి, ఈ వారంలో ఎవరు పోయినా ధూపం ఉండదు, భూస్థాపన ప్రార్థన ఉండదు. అందుకని ఎవరు పోతారో తెలియకుండానే, బతికున్న మా అందరికీ కలిపి ఈ రోజే భూస్థాపన ప్రార్థన చేసేస్తారు. చివర నీళ్ళు చల్లుతారు. మన చావు ప్రార్థన మనమే నిలబడి విని, ఇంటికెళ్ళి భోంచేస్తాం.

ఎండగా ఉంది, నీ కాళ్ళు చూడు, పద అన్నాను. అమ్మ కదల్లేదు.

"కాసేపాగు తల్లీ. ఇది నాకోసం."

వేళాకోళంగానే అంది. నేను చెయ్యి పట్టుకుని లేపాను. ఎండ అబద్ధం. టైం పదకొండూ నలభై.

ఏప్రిల్ 30, మంగళవారం

అమ్మ పోయింది.

మే 1

నిన్న పొద్దున టీ పోసుకుంటోంది. గ్లాసు కింద పెట్టి, గోడ పట్టుకుని, కూర్చుంది. అంతే. నేను అరిస్తే నాన్న దుకాణం నుంచి మెడలో టేపుతోనే పరిగెత్తుకొచ్చాడు.

మూడింటి ప్రార్థనకి చర్చికి తీసుకెళ్ళాం. నల్ల తెరల ముందు పెట్టె పెట్టారు. మంగళవారం చదవాల్సిన భాగాలు చదివారు. ధూపం లేదు. అమ్మ పేరున ఒక్క మాట లేదు. చదవడం అయిపోయింది, పెట్టె ఎత్తారు.

ఇంటి నిండా నల్లబట్టల ఆడవాళ్ళు, చక్కెర లేని కాఫీ. ఇన్సాఫ్ పిన్ని గుండెలు బాదుకుంటూ అడిగింది, అక్క ఆదివారం ప్రార్థనలో ఉందా లేదా అని. నేను ఖాళీ కప్పులు ఏరసాగాను. గుమ్మం దగ్గర నుంచి నాన్న అన్నాడు.

"ఉంది. మగవాళ్ళ వైపు నుంచి నా కళ్ళతో చూశాను. నీళ్ళు చల్లినప్పుడు తల వంచింది."

ఆడవాళ్ళంతా ఊరట పడ్డారు. ఎంత అదృష్టవంతురాలు, తన ప్రార్థన తన చెవులతో వింది అన్నారు. ఉమ్ జర్జిస్ మాత్రం తల దించుకుని కప్పులోకి చూస్తూ ఉండిపోయింది. మా పక్క కుర్చీ ఆవిడదే.

నాన్న ఎవరిని చూశాడో. చర్చిలో ఆడవాళ్ళ తెల్ల ముసుగులు అన్నీ ఒకేలా ఉంటాయి. ఆయనకి మిగిలింది ఆ ఒక్క దృశ్యం. దాన్ని నేనెలా లాక్కోను?

మే 1, సాయంత్రం

మెయిల్. ఉద్యోగం వచ్చింది.

మే 2, గురువారం

శ్రమల వారమైనా గురువారం ధూపం వేయవచ్చు. అబూనా మూడో రోజు ప్రార్థనకి ఇంటికొచ్చాడు. గది గదికీ ధూపం పట్టాడు. మెట్ల మీద ఆపి ఆయనకి చెప్పేశాను, అమ్మ ఆదివారం లేదు, నేనే లాక్కొచ్చానని. ఆయన ఒక మెట్టు దిగి నిలబడ్డాడు. ఆ ప్రార్థన తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టదమ్మా అన్నాడు. మీ అమ్మ ముప్పై ఏళ్ళు ఆ కుర్చీలో కూర్చుంది, ఒక్క గంట లేకపోతే దేవుడు మర్చిపోతాడా అన్నాడు.

దేవుడి సంగతి కాదు అబూనా, ఆవిడ ఉండాలనుకుంది అన్నాను. దానికి నేనేం చెప్పలేనమ్మా అన్నాడు. అందుకు ఆయన మీద గౌరవం పెరిగింది.

మే 3, శుక్రవారం

పొద్దుటి నుంచి చర్చిలో మోకాళ్ళ మీదే ఉన్నాను. ఒకటే గుర్తొస్తోంది. ఇంటర్వ్యూ మధ్యలో పక్కగదిలోంచి అమ్మ గొణుగుడు వినిపించింది. ఏదో ప్రార్థన వల్లిస్తోంది. నేను లేచి వెళ్ళి తలుపు మూశాను.

మే 4

నాన్నకి చెప్పాను.

ఆయన ఎవరిదో పండగ చొక్కాకి గుండీలు కుడుతున్నాడు. నేను చెబుతున్నంత సేపూ సూది ఆగలేదు. ఇంటర్వ్యూ సంగతి, ఎండ సంగతి, తలుపు సంగతి. చివర, నువ్వు చూసింది అమ్మని కాదు నాన్నా అన్నాను.

దారం పంటితో తెంపాడు. నాకు తెలుసు అన్నాడు. ఇంటర్వ్యూ మాట అమ్మ ముందురోజే చెప్పిందట. మేం తలుపు దాటడం చూశాడట. గుమ్మంలో అమ్మ వెనక్కి తిరిగి ఆయన వైపు చెయ్యి ఊపిందట. నేను అప్పుడు ఫోన్‌లో టైం చూసుకుంటున్నానట.

మరి అలా ఎందుకు చెప్పావన్నాను.

"చెప్పకపోతే మీ పిన్ని నిన్ను బతకనిచ్చేదా? జీవితాంతం వల్లించేది. శ్రమల వారంలో అబద్ధమాడానని అబూనా దగ్గర ఒప్పుకున్నాను. నువ్విప్పుడు నిజం బయటపెట్టి దాన్ని వృథా చెయ్యకు."

ఇద్దరం ఏడ్చాం. నాన్న ఏడవడం నేనెప్పుడూ వినలేదు. దగ్గులా ఉంటుంది.

మే 5, ఈస్టర్

ఊరంతా క్రీస్తు లేచాడు, నిజంగా లేచాడు అని కౌగలించుకుంటోంది. పిన్ని కోడి పులుసు పంపింది. యాభై అయిదు రోజుల తర్వాత మాంసం. నాన్న బల్ల దగ్గర నిలబడి కృతజ్ఞతా ప్రార్థన అందుకున్నాడు. ప్రతి స్థితిలోనూ అనే చోట ఆగాడు. ఆ చోటు అమ్మది. నా వైపు చూశాడు. నేను కంచం వైపు చూశాను.

ప్రార్థన సగంలోనే ఉంది. పులుసు చల్లారింది. అలాగే తిన్నాం.

మే 20

ఉద్యోగంలో జూన్‌లో చేరతానని రాశాను. నాన్న వినగానే కళ్ళజోడు తుడుచుకున్నాడు. తర్వాత నా పాత కోటు తీసి అస్తరు కుట్టడం మొదలుపెట్టాడు. అలెగ్జాండ్రియాలో సముద్రపు గాలి చలిగా ఉంటుందట. జూన్‌లో.

జూన్ 8, నలభయ్యో రోజు

ఈస్టర్ తర్వాత యాభై రోజులూ మా చర్చిలో ఏడుపు రాగం ఉండదు. చనిపోయినవాళ్ళ ప్రార్థన కూడా పండగ రాగంలోనే. అమ్మ పేరు ఈ రోజు పైకి చదివారు. కంచు తాళాలు మోగాయి. నల్లబట్టల్లో నిలబడి పిన్ని కోపంగా చూసింది, ఇదేం పద్ధతి అన్నట్టు. పద్ధతి ఇదే.

నేను పాడాను. అది స్తోత్రమో అరుపో నాకు తెలియదు. ముందు వరుసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. మగవాళ్ళ వైపు నుంచి దగ్గు వినిపించింది.

జూన్ 9

అమ్మ లేదు. స్తోత్రం.

ఈ రెంటి మధ్య ఏం రాయాలో తెలియక చాలాసేపు కూర్చున్నాను.