మా వైపు వాళ్లకి ఓటు లేదట

అన్నయ్యా, ఇక్కడ అందరం కులాసా. పేపర్లో గొడవ చూసి కంగారుపడకు.

నదికీ కొండలకీ మధ్యనున్న నేలని మూడు రాష్ట్రాల నుంచి కోసి రాజధాని ప్రాంతం చేశారుగా, ఆ సరిహద్దు గీత మా వీధి మధ్యలోంచే పోయింది. ఎదురింటివాళ్లు పాత రాష్ట్రంలోనే ఉన్నారు. మేం కేంద్ర ప్రభుత్వం కిందికి వచ్చాం. నిన్న అసెంబ్లీ ఎన్నికలకి మా అత్తయ్య మంచి చీర కట్టుకుని ఓటెయ్యడానికి వెళ్తే, "రాజధానికి శాసనసభ లేదమ్మా, మీకు ఓటు లేదు" అన్నాడు ఆఫీసరు.

"పన్ను మాత్రం ఉందా?" అని ఆవిడ పోలింగు బూతు గుమ్మంలోనే బైఠాయించింది. నాకూ ఒళ్లు మండి పక్కనే కూర్చున్నాను. మా వైపు వాళ్లంతా కూర్చున్నారు. చెత్తబుట్ట గురించి రోజూ మాతో కొట్లాడే ఎదురింటి దర్జీ కూడా ఓటు మానేసి మాతోనే కూర్చున్నాడు! సాయంత్రం పోలీసులొచ్చి లాగేశారు. ఓటు మాత్రం ఇవ్వలేదు.

తోపులాటలో అత్తయ్య కళ్లజోడు విరిగింది. నీ స్నేహితుడి షాపులో పాత నంబరుకే చేయించి పంపు. నాన్న దగ్గు తగ్గిందా? మీ ఎమ్మెల్యేని మా సంగతి నిలదీసి అడుగు, నీకింకా ఆ హక్కుంది. వదినకి నమస్కారాలు, పిల్లలకి ముద్దులు. జవాబు కవరు మీద అడ్రసులో మా పాత రాష్ట్రం పేరే రాయి. ఆలస్యంగా అందినా పర్లేదు.

నీ చెల్లి