బుల్‌పప్ రైఫిలుకి వారసులు లేరు

మిషిగన్ రాష్ట్రం, ట్రాయ్ నగరంలో కాపురముంటున్న చెరుకుపల్లి యజ్ఞనారాయణ అనే నేను, వయస్సు యాభై తొమ్మిది, కార్ల తలుపుల డిజైన్ ఇంజనీరుగా ఇరవై ఏళ్ళు చేసి రిటైరయినవాణ్ణి, తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా రాయిస్తున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసినవేమైనా ఉంటే ఇందుమూలంగా రద్దు. గత ఫిబ్రవరిలో పక్షవాతం వచ్చి నా కుడి చెయ్యి పడిపోయింది. బుద్ధి పడిపోలేదు. అది అంతకు ముందే పడిపోయిందని నా బావమరిది దక్షిణామూర్తి అంటాడు. ఈ కాగితం నేను చెబుతుంటే రాస్తున్నది కూడా అతనే. పై వాక్యం రాయనని మొరాయించాడు గానీ రాయించాను.

ఆస్తులకు సంబంధించి లాయరు దగ్గర ఇంగ్లీషు ప్రతి వేరే ఉంది. ఆ ఇంగ్లీషులో పట్టని సంగతులు ఇందులో రాయిస్తున్నాను.

1. పైన చెప్పిన దక్షిణామూర్తినే దీనికి అమలుకర్తగా నియమిస్తున్నాను. ఇందుకు ప్రతిఫలంగా నా కారు అతనికి దఖలు. డ్రైవరు వైపు తలుపు వేసేటప్పుడు చప్పుడు కాకూడదు. ఆ తలుపు నా డిజైను. గట్టిగా బాదితే పై నుంచి చూస్తూనే ఉంటాను.

2. ట్రాయ్‌లోని ఇల్లు, పెన్షను, బ్యాంకులో ఉన్నది యావత్తూ నా భార్య పద్మినికి సర్వహక్కులతో చెందుతాయి. ఆమె తదనంతరం మా అమ్మాయి విద్యకు. నేను తుపాకీ పట్టిన ఈ పన్నెండేళ్ళలో పద్మిని బేస్‌మెంటులోకి దిగింది రెండు పనులకే: బట్టలు ఉతకడానికి, మాగాయ జాడీ తెచ్చుకోవడానికి. దసరాకి నా స్నేహితులు రైఫిళ్ళు తెచ్చి అక్కడ వరసగా పెడితే, వాటికి బొట్లు పెట్టి, ప్రసాదం ఇచ్చి, మీ కాగితాల శత్రువులకి భయం చెప్పండని దీవించేది. నిజమే. మేం అట్టల్నీ, కోలా డబ్బాల్నీ తప్ప దేన్నీ కొట్టిన పాపాన పోలేదు.

3. నా స్నేహితుడు శ్యామ్‌సుందర్‌కు, 1978 నుంచి నేను దాచిన తుపాకుల పత్రికలన్నీ.

ఇక్కడ కొంత వివరించాలి. మామూలు రైఫిల్లో తూటాలపెట్టె ట్రిగ్గరుకి ముందుంటుంది. బుల్‌పప్‌లో వెనక ఉంటుంది. తూటా పేలే భాగమంతా వెనక్కి జరిగి కాల్చేవాడి చెంప కిందికి వస్తుంది. గొట్టం పొడవు తగ్గదు, తుపాకి పొడవు తగ్గుతుంది. ఇంతే సంగతులు. దీని మీద మేం పదేళ్ళు పెళ్ళిళ్ళలో, పికినిక్కుల్లో, ఒకసారి సత్యనారాయణ వ్రతంలో కథ జరుగుతుండగా కూడా కొట్టుకున్నాం. బుల్‌పప్ పక్షాన నేను ఒక్కణ్ణి. అవతల లోకమంతా.

శ్యామ్‌సుందర్ అభ్యంతరం ఏమిటంటే, చెంప దగ్గర తూటా బద్దలైతే దవడ ఎగిరిపోతుందని. ఈయన రోజూ సీటుబెల్టు పెట్టుకోకుండా, ఒక చేత్తో కాఫీ తాగుతూ, డెట్రాయిట్ దాకా డ్రైవ్ చేసే మనిషి. బుల్‌పప్ మీద గంట సేపు మాట్లాడగలడు. ఎక్కడెక్కడ ఏ దేశపు సైన్యం దాన్ని తీసుకుందో, ఏది వద్దందో అన్నీ కంఠతా. ఏ తుపాకీతోనూ ఒక్క గుండయినా పేల్చలేదు. చప్పుడు పడదట. కనక షరతు: ఆయన మా తుపాకుల క్లబ్బుకి వెళ్ళి, దక్షిణామూర్తి చూస్తుండగా ఒక్కటంటే ఒక్కటి పేల్చాలి. లేకపోతే పత్రికలు పాతకాగితాల లారీకి.

4. మా క్లబ్బులో పెద్దాయన ఎర్ల్ హట్సన్‌కు, సన్న తూటాలు పేల్చే నా చెక్క మడమ పాత పాయింట్ టూటూ రైఫిలు, నీలం థర్మాస్ ఫ్లాస్కు. బుల్‌పప్ మీద ఎర్ల్ అభిప్రాయం ఒకటే: చూడ్డానికి బాలేదని. సింకు కింద పైపు ఊడదీసి భుజాన పెట్టుకున్నట్టుందని. ఇది మాత్రం నిజం, అచ్చం అలాగే ఉంటుంది. 1976లో నేను మొదటిసారి క్లబ్బువాళ్ళ కాల్పుల రేంజికి వెళ్ళినప్పుడు అందరూ నన్ను తేరిపార చూస్తుంటే, చప్పుడు వినపడకుండా తన చెవులకున్న మఫ్‌లు తీసి నాకు పెట్టినవాడు ఎర్ల్. ఆ పూట తను చెవుల్లో కాగితం కుక్కుకున్నాడు. నా పేరుకి నోరు తిరక్క "యాగ్" అని పిలిచాడు. ఇప్పటికీ అదే.

5. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండే మత్తు డాక్టరు రామమోహన్‌కు ఏమీ లేదు. సాక్షి సంతకం పెట్టేవాడికి ఏదీ రాసి ఇవ్వకూడదని లాయరు అన్నాడు. వినగానే నా ప్రాణం లేచొచ్చింది.

నా ప్రధాన విరోధి ఇతనే. బుల్‌పప్ ట్రిగ్గరు నొక్కితే చల్లారిన ఉప్మాలో వేలు పెట్టినట్టుంటుందని అన్నవాడు. ట్రిగ్గరు ముందు, యంత్రం వెనక ఉంటే మధ్యలో పొడవాటి కడ్డీ ఉండక తప్పదు, మెత్తబడక తప్పదు, ఒప్పుకుంటాను. తూటాలపెట్టె మార్చాలంటే చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఉంటుందన్నాడు. అలవాటు చేసుకోవాలన్నాను. ఇలా ఇద్దరం ఆరు దోషాలకి ఆరు సమాధానాలు చెప్పుకున్నాం. ఏడో దోషం ఒకటుంది. అది ఈ పండితులెవరికీ తట్టలేదు, ఎందుకంటే అందరూ కుడిచేతివాళ్ళే. నాకు తట్టింది. తట్టీ నోరు మూసుకున్నాను.

6. నా బుల్‌పప్ రైఫిలు, అంటే 1983లో పోస్టులో తెప్పించిన స్టాకు, అంటే పైచట్రం, మామూలు రైఫిలుకి తొడిగి నేను స్వయంగా బిగించింది, ఎవరికీ వారసత్వంగా చెందదు. తూటా పేలే భాగం తీసేసి, క్లబ్బు గోడకి తగిలించి, కింద ఇత్తడి రేకు మీద ఇంగ్లీషులో ఇలా చెక్కించాలి: కుడిచేతివాళ్ళకు మాత్రమే. యాగ్ చెప్పాడు.

7. ఇక విద్య సంగతి. ఇది నేరుగా ఆమెకే చెబుతున్నాను.

విద్యా, 1984 ఆగస్టులో నీకు పదహారేళ్ళు. మామూలు రైఫిళ్ళు నీకు పొడుగై బరువయ్యేవి. ఈ పొట్టిది నీకు నచ్చింది. నాకు ఎంత సంబరమో చెప్పలేను. ఇన్నాళ్ళకి నా పక్షాన ఒక మనిషి దొరికింది, అదీ నా ఇంట్లో. రేంజిలో అందరినీ పిలిచి నిలబెట్టాను. నువ్వు దాన్ని నీ వాటం ప్రకారం ఎడమ భుజం మీద పెట్టుకున్నావు. నేను చూశాను. పేలిన తూటా ఖాళీ ఇత్తడి తొడుగు కుడి పక్కకి ఎగురుతుందని, ఎడమ భుజాన పెడితే ఆ పక్కనే నీ చెంప ఉంటుందని నాకు తెలుసు. ఆస్ట్రియా వాళ్ళు తమ బుల్‌పప్‌కి ఎడమచేతివాళ్ళ కోసం తొడుగు అవతలి పక్కకి ఎగిరేలా వేరే బోల్టు చేసి అమ్ముతున్నారని చదివాను కూడా. నాదాంట్లో అలాంటి వీల్లేదు. ఆ మాట అంటే రామమోహన్ ముందు ఏడో దోషం ఒప్పుకున్నట్టవుతుంది. అనలేదు.

కాలుతున్న తొడుగు నీ ఎడమ చెంప మీద తగిలింది. రామమోహన్ కూలర్లోంచి ఐసు తీసుకుని నీ దగ్గరికి పరిగెత్తాడు. నేను రైఫిలు దగ్గరికి పరిగెత్తాను. తర్వాత అందరి ముందూ నేనన్న మాట ఇది: "రైఫిల్ పర్‌ఫెక్ట్. ప్రాబ్లెం అంతా దీని పుర్రచెయ్యే. చిన్నప్పుడే మార్చుకోమంటే వినలేదు."

నువ్వు ఐసు చెంపకి అదుముకుని, "సారీ నాన్నా, నేనే రాంగ్‌గా పట్టుకున్నా," అన్నావు.

అంతటితో ఊరుకున్నానా? ఒక పత్రికకి ఉత్తరం రాశాను. సరిగా పట్టుకోవడం రాని ఒక అమ్మాయి స్వల్పంగా గాయపడిందని, బుల్‌పప్‌లో లోపం లేదని. వాళ్ళు అచ్చేశారు. ఆ పేజీకి ఫ్రేము కట్టించి బేస్‌మెంటులో వాషింగ్ మెషిన్ పైన తగిలించాను. అప్పటినుంచి నువ్వు నీ బట్టలు మూటకట్టి నాణేల లాండ్రీకి తీసుకెళుతున్నావు. నాలుగేళ్ళు. కాలేజీకి యాన్ ఆర్బర్ వెళ్ళాక కూడా, శనివారం ఇంటికొస్తావు, నాకు కాఫీ ఇస్తావు, బయట చలి ఎంతుందో చెబుతావు, మెట్లు దిగవు. ఆడపిల్ల మొండితనమని మీ అమ్మతో అన్నాను. మొండితనం ఎవరిదో మీ అమ్మకి తెలుసు.

కుడి చెయ్యి పడిపోయాక, మే నెలలో రామమోహన్ నన్ను రేంజికి తీసుకెళ్ళాడు. బల్ల మీద ఇసకసంచి ఆసరాగా ఎడమ భుజం మీద పెట్టుకుని కాల్చాను. మొదటి తొడుగే కంటి కింద తగిలింది. పచ్చి బూతు తిట్టాను. నాలుగేళ్ళ కిందట నువ్వైతే సారీ చెప్పావు. రామమోహన్ నాకూ ఐసు పెట్టాడు. పదేళ్ళ వాదం గెలిచిన మనిషి ఆ ఐసు కరిగేదాకా పట్టుకుని కూర్చున్నాడు. నన్ను ఇంత ఘోరంగా ఎవరూ ఓడించలేదు.

నీకు రెండేళ్ళప్పుడు, మా అమ్మ ఉత్తరంలో రాసిన ఉపాయం ప్రకారం, నీ ఎడమ చేతికి మేజోడు తొడిగి రబ్బరుబ్యాండు వేసింది కూడా నేనే. ఎనిమిది నెలలుగా నేనూ ఎడమ చేత్తోనే అన్నం తింటున్నాను. ఆకాశమేమీ ఊడిపడలేదు.

కాబట్టి నీకు దఖలుపరిచేది ఇది. ఆ రోజు నువ్వు చెప్పిన సారీ నేను తీసుకుని ఇన్నేళ్ళు అట్టే పెట్టుకున్నాను. అది నాది కాదు, వాపసు చేస్తున్నాను. తప్పు నీ చేతిది కాదు. తప్పు తుపాకిది, తెలిసీ దాన్ని వెనకేసుకొచ్చిన మీ నాన్నది. ఫ్రేము తీయించేశాను. సవరణ ఉత్తరం పత్రికకి నిన్ననే పోస్టు చేయించాను. వాళ్ళు వేస్తారో లేదో తెలియదు, ఇలాంటివాటికి పాఠకులు తక్కువ.

వీలునామాలో ఏ నిబంధనైనా మనిషి పోయాకే అమల్లోకి వస్తుందని లాయరు చెప్పాడు. రెండో పక్షవాతం ఎప్పుడైనా రావచ్చని డాక్టరు చెప్పాడు. ఇద్దరి మాటా విన్నాను. ఈ ఏడో నిబంధన రేపే అమల్లోకి వస్తుంది. రేపు శనివారం, నువ్వొస్తావు. ఆ రోజు ఎవరి ముందు నిన్ను అన్నానో వాళ్ళందరినీ పిలిచాను. ఎర్ల్ కోసం ఇంగ్లీషులో కూడా చెబుతాను. నేను పోయాక ఎవరో చదివితే నీకు వినడం ఒక్కటే మిగులుతుంది. నాలుగేళ్ళుగా మింగింది నువ్వు నా మొహం మీద అనాలి, అన్నప్పుడు నేను ఎదురుగా ఉండాలి.

పైవన్నీ చదివించుకుని, సరిగా ఉన్నాయని ఒప్పుకుని, సాక్షుల ఎదుట ఎడమ చేత్తో చేసిన సంతకం.

ట్రాయ్, 1988 అక్టోబరు 14, శుక్రవారం

చెరుకుపల్లి యజ్ఞనారాయణ

సాక్షులు:
డాక్టర్ రామమోహన్, ఫార్మింగ్టన్ హిల్స్
ప్రమోద (పక్కింటివారు), ట్రాయ్