బాణం గుర్తున్న ఫోల్డర్

మంగళవారం, రాత్రి

నాన్న పాడి రికార్డు చేసిన పద్యాలన్నీ పోయాయి. పోగొట్టింది నేనే.

ఆదివారం పాత కంప్యూటర్‌లోంచి కొత్త ల్యాప్‌టాప్‌లోకి అన్నీ మార్చాను. తెర మీద 'నాన్న' అని ఉన్న ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లో వేస్తే రెప్పపాటులో కాపీ అయిపోయింది. నలభై పద్యాలు అంత తొందరగా ఎలా వచ్చాయని ఒక్కసారైనా అనుకోలేదు. పాతదాన్ని ఫార్మాట్ చేసి బజార్లో పాత కంప్యూటర్లు కొనే షాపులో ఇచ్చేశాను. ఈ సాయంత్రం తెరిచి చూస్తే వచ్చింది ఫోల్డర్ కాదు, దానికి దారి చూపే షార్ట్‌కట్. మూలన చిన్న బాణం గుర్తు ఉంది. అది చూపించే చోటు ఇప్పుడెక్కడా లేదు.

టోటో, అదే బ్యాటరీ రిక్షా, ఎక్కి ఆ షాపుకి పరిగెత్తాను. "కొత్త డిస్క్ ఏసి నిన్ననే అమ్మేసినాం దాదా. పాతది తుక్కులోకి పోయింది" అన్నాడు షాపతను.

నాన్న ముప్పయ్యేళ్లు రైల్వే వర్క్‌షాప్‌లో రైలు చక్రాలు పరీక్షించాడు. సుత్తితో కొట్టి, మోత విని, అప్పుడే వదిలేవాడు. "సెవితో ఇనకుండా దేన్నీ పంపకురా" అనేవాడు. నేను ఒక్క పద్యమైనా పెట్టి వినలేదు.

రేపు ఆయన తద్దినం. ఇంటికొచ్చేసరికి అమ్మ ల్యాప్‌టాప్ మీద దుమ్ము తుడుస్తోంది.

"ఏటిరా, మీ నాన్న గొంతు ఇందులోకి వచ్చేసినాదా?"

వచ్చిందన్నాను.

"అయితే ఇప్పుడొద్దు. రేపు అందరం కూకుని ఇందాం" అంది.

కాలనీలో నాన్నతో పనిచేసినవాళ్లందరికీ అప్పుడే చెప్పి వచ్చిందట.